బండికి పోసిన నీళ్ళు

పెచ్చు రావాలి కదా, ఈపాటికి తెల్లగా సున్నపు పెళ్ళల్లాగా ఊడి రావాలి, చాకలిసోడా కలిపిన నీళ్ళు పోసి అరగంట ఇంజను తిప్పాను, గోరువెచ్చనయ్యేదాకా చల్లారనిచ్చాను, రేడియేటరు అడుగున బిరడా విప్పి కింద తట్ట పెట్టాను, వస్తున్నవి కాస్త తుప్పురంగు నీళ్ళు, అంతే, ఆ తుప్పయినా ఇంజనుదే, తట్టలో వేలు పెట్టి గెలికితే ఇసుక రేణువంత ఉప్పుగడ్డ తగల్లేదు, ఇదేమిటి, రోజుకు రెండు డబ్బాల నీళ్ళు తాగే ముసలి డీజిలు లారీ ఇది, ఈ ఏడాదంతా ఉప్పునీళ్ళే తాగింది, మా ఇంట్లో పల్లె బావి ఉప్పునీళ్ళు కాచుకునే కాగుకి ఏడాది తిరక్కుండానే వేలెడు మందాన పెచ్చు కడుతుంది, నా పెళ్ళాం ఆదెమ్మ దాన్ని రాయి పెట్టి కొట్టి రాలుస్తుంది, కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు విడవదు, నీ పప్పు ఉడకదు, నా ప్రాణం ఉడుకుతోందయ్యా అని నామీద విసుక్కుంటుంది, మరి ఈ బండి కడుపు ఇంత శుభ్రంగా ఎలా ఉంది?

పై గొట్టం, కింద గొట్టం రెండూ విప్పి, కింది నుంచి పైకి నీళ్ళు తోస్తే మూలల్లో దాక్కున్నదంతా బయటపడుతుందని గుంటూరు షెడ్డులో బుడాన్ మేస్త్రీ చెప్పేవాడు, ఏటా ఈ పని ఆయనదే, ఈసారి ఆయనకు కంటి ఆపరేషనని నేనే మిల్లు ఆవరణలో బండి ఆపుకుని కూర్చున్నాను, తోశాను, గొట్టాల్లోంచి ఇత్తడి తళతళ కనిపిస్తోంది, ఏం నీళ్ళు పోస్తావోయ్ జయరావూ, నీ బండికి జబ్బే లేదు, ప్రత్తిపాడులో అంత మంచి బావి ఉందా అని ఆయన ఏటా అనేవాడు, నేను బండిని బాగా చూసుకుంటానని మెచ్చుకుంటున్నాడనుకుని నవ్వి ఊరుకునేవాణ్ణి, వెర్రివెధవని, ఇప్పుడు ముందుకెళ్ళి రేడియేటరు జల్లెడ చూస్తే నిండా దూది నూగు, మధ్య మధ్య మిరప గింజలు, కంబళి కప్పినట్టుంది, గాలి ఆడక బండి నల్లపాడు గేటు దగ్గర కాగిపోతోంది తప్ప, లోపలి నీళ్ళ తప్పేమీ లేదు.

నీళ్ళ తప్పు లేదంటే బావి తప్పూ లేదు, ఉండు, తొందరపడకు, కోటిలింగం ఏమన్నాడు, ఈ మిల్లు బావి నీళ్ళే బండికి పోస్తున్నానన్నాడు, తాగడానికి ఆసామి రామాంజనేయులుగారు వాగు నీళ్ళు డ్రమ్ముల్లో తెప్పిస్తున్నారు, అవి మాకే చాలవు, బండికెక్కడ పోస్తాంరా అన్నాడు, ఒక్కసారి కాదు, ఆరేళ్ళుగా అంటూనే ఉన్నాడు, కోటిలింగం మిల్లులో ఇంజను చూస్తాడు, చిన్నప్పుడు ఇద్దరం గేదెలు కాశాం, నేను ఒరేయ్ అని పిలిస్తే పలికే ఊరివాడు వాడొక్కడే, ఊరి బయట పల్లె నుంచి వచ్చిన నాకు లారీ స్టీరింగు ఇప్పించమని ఆసామితో చెప్పింది వాడే, అందుకే యాభై ఏడులో అంటరానితనం నేరమన్న కొత్త చట్టం సంగతి తెలిసి మా పల్లెంతా మిల్లు బావిలో నీళ్ళు తోడుకుంటామని అర్జీ రాసుకున్నప్పుడు వాడి దగ్గరికే వెళ్ళాను, మిషను బడి సంజీవరావు మాస్టారు చక్కటి దస్తూరితో రాశారు, నలభై ఇళ్ళ వాళ్ళూ వేలిముద్రలు వేశారు, కోటిలింగం నవ్వాడు, రండిరా, ఎవరొద్దన్నారు, ఆసామి కూడా చట్టం చట్టమే అంటున్నారు, కానీ ఆ బావి మొన్నటి కరువుకి ఉప్పుబడి చచ్చిందిరా, ఎడ్లు కూడా మూతి పెట్టడం లేదు, కావాలంటే రుచి చూడు అని లోపలికెళ్ళి చేద పట్టుకొచ్చాడు, నేను ఎప్పటిలాగే వంగి దోసిలి పట్టాను, వాడు ఎప్పటిలాగే పైనుంచి పోశాడు, నోట్లో పడగానే కక్కొచ్చింది, వాడూ ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు, ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం, చేదతో లోపలికెళ్ళాడు, చేదతో బయటికొచ్చాడు, ఏ బావిలోంచి తోడాడో నేను చూడలేదు, గోడ అవతలికి వెళ్ళి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు, వెళ్ళనివ్వరని కాదు, వెళ్ళకూడదన్నది నాకు నేనే అలవాటు చేసుకున్నాను.

అదిగో వాడే వస్తున్నాడు, రెండు చేతుల్లో రెండు డబ్బాలు, అయిపోయిందా కడగడం, ఇవిగో కొత్త నీళ్ళు, నిదానంగా పొయ్యి, గాలి బుడగ నిలిస్తే మళ్ళీ కాగుద్ది అంటున్నాడు, వాడి గొంతులో ఎప్పటి చనువే, ఎక్కడివిరా ఈ నీళ్ళు అంటే, ఎక్కడివేంటి, బావివే, రోజూ ఎక్కడివో అక్కడివే అన్నాడు, నేను డబ్బా అందుకుని మూత తీసి, దోసిలి పట్టకుండా, అలాగే ఎత్తి నోటికి ఆనించుకున్నాను, వాడు ఒరేయ్ ఒరేయ్, అది బండికిరా అని చెయ్యి చాచాడు, అప్పటికే రెండు గుక్కలు దిగాయి, చల్లగా, కొబ్బరినీళ్ళంత తియ్యగా, దేవుడా, ఎంత తియ్యగా ఉన్నాయి, గెడ్డం మీంచి చొక్కా మీదికి కారుతున్నాయి, నేను తుడుచుకోలేదు, వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించి, బావి ఉప్పని ఆసామి చెప్పమన్నార్రా, వద్దంటే పోలీసు కేసవుద్ది, రమ్మంటే ఊరు ఊరుకోదు, నన్నేం చెయ్యమంటావ్, పెళ్ళాం పిల్లలు గలవాణ్ణి, నీకు తెలీదా నా సంగతి అన్నాడు, తెలుసు, నీ సంగతి నాకే తెలుసనుకున్నాను, అదేరా నా ఏడుపు అని లోలోపల అంటున్నాను, ఉప్పునీళ్ళు పోస్తే రేడియేటరు పాడవుతుందని బండికి మాత్రం ఈ బావి మంచినీళ్ళే పోయమన్నార్రా అని మళ్ళీ వాడే అన్నాడు, ఆ మాట అంటున్నప్పుడు వాడు నా మొహంలోకి చూడలేదు.

ఇనుము పాడవుతుందని తెలిసింది వీళ్ళకి, మా చెల్లెలు పేరమ్మ సంగతి తెలియలేదు, ఎనిమిదో నెల కడుపుతో నెత్తిన బిందె పెట్టుకుని మైలున్నర నడిచి వాగులో చెలమ తోడుకుని వస్తూ గట్టు మీద జారి పడింది, బిడ్డ దక్కలేదు, ఆ రోజు కోటిలింగం పల్లె పొలిమేర దాకా వచ్చి నా భుజం మీద చెయ్యేసి ఏడ్చాడు, నిజం ఏడుపే, అదే ఇప్పుడు నన్ను కోసేస్తోంది, ఏడుస్తూ కూడా చెప్పలేదు, ఆ చేతి వేలు చాచి గోడ అవతల చూపిస్తే సరిపోయేది, ఈ డబ్బా వాడి మొహాన కొట్టాలని ఉంది, వాడి చొక్కా పట్టుకుని ఊరి నడిబజారుకు ఈడ్చుకెళ్ళాలని ఉంది, వాణ్ణి జన్మలో ఒరేయ్ అని పిలవనని ఒట్టేసుకోవాలని ఉంది, వాడు అబద్ధం చెప్పాడు, ఆసామి చెప్పించాడు, మరి పల్లెకెవరు చెప్పారు, ఆరేళ్ళ కింద ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంజీవరావు మాస్టారు అర్జీ చేతిలో పట్టుకుని, కోటిలింగం మాట ఎలా నమ్మమంటావు జయరావూ, ఎంతైనా వాళ్ళ మనిషి కదా, పోయి మనమే ఒక చేద తోడి చూద్దాం అన్నారు, పేరమ్మ కూడా, పెళ్ళయి అప్పటికి నెల కాలేదు, ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, అవునన్నయ్యా, చూస్తే పోయేదేముంది అంది, వాళ్ళెవరూ కోటిలింగాన్ని నమ్మలేదు, ఒక్కరూ నమ్మలేదు, నేనే లేచి నిలబడి, నలభై ఇళ్ళ వాళ్ళ ముందు, ఎందుకు మాస్టారూ, నేను తాగి చూశానుగా అన్నాను, అది విని మాస్టారు అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నారు.