మెడ మీది నంబరు

నేను ఒక మట్టి పందేల మోటారు సైకిల్ని. రోడ్డు కోసం పుట్టలేదు కాబట్టి నాకు లైటు, హారను, స్టాండు పెట్టలేదు. 1978లో చెకొస్లొవేకియాలో తయారై, ఓడలో మద్రాసు చేరాను. హ్యాండిలు తిరిగే గొట్టాన్ని మెడ అంటారు. నా మెడకు కుడివైపున ఆరంకెల నంబరు గుద్దారు. నాతో వచ్చిన కస్టమ్స్ కాగితంలోనూ అదే నంబరు. మనుషులు పేరు మార్చుకోగలరు. మాకు ఆ వీలు లేదు.

మద్రాసు క్లబ్బులో నన్ను నడిపినతను రెండో ఏడు కాలు విరగ్గొట్టుకుని అమ్మేశాడు. కొన్నది చిలకలూరిపేట పొగాకు వ్యాపారి. ఆయన నాకు లైటు, హారను, స్టాండు, వెనక క్యారియరు బిగించాడు. మిట్టల మీద ఎగరడానికి చేసిన బండి మీద, పొగాకు కాల్చే బ్యారన్ నుంచి బ్యారన్‌కు నింపాదిగా తిరిగాడు. రంగు పోయినప్పుడల్లా లప్పం పట్టించి మళ్ళీ రంగు వేయించాడు. నాలుగు పూతల కింద నంబరు కనిపించకుండా పోయింది. ఆయన పోయాక కొడుకులు నన్ను గోదాములో పడేశారు. ఇరవై రెండేళ్ళు అక్కడే ఉన్నాను.

అక్కడి నుంచి నన్నూ నా కాగితాన్నీ తెచ్చింది కాశింవలి. నరసరావుపేటలో మెకానిక్కు. ఇంజను రోగం వినడానికి ఆయన స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదుముకునేవాడు. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది.

మార్టూరు దగ్గర క్వారీ పక్క బీడులో ఏడాదికొకసారి పాత బళ్ళ పందెం జరుగుతుంది. నన్ను అందులో నడపడానికి రిబ్కా ఒప్పుకుంది. ఆమె హైస్కూల్లో ఆటల టీచరు.

"కుడి చెవి కూడా వచ్చే ఏటికి ఉండదన్నాడమ్మాయ్ డాక్టరు. నా చేత్తో చేసిన బండి పందెంలో పలకంగా ఒక్కసారి వినాల," అన్నాడు ఆమెతో.

పందెం రూళ్ళు నాలుగు పేజీలు. ఆయన వాటిని గోడకు అంటించాడు. బండి 1980కి ముందుది కావాలి. చట్రం, ఇంజను పెట్టె అసలువే ఉండాలి. చట్రానికి బలం కోసం అతుకు వేసుకోవచ్చు. పిస్టను ఆడే బోరు వెడల్పు రెండు మిల్లీమీటర్లకు మించి పెంచకూడదు. గతుకులో ముందు ఫోర్కు నూట ఎనభై మిల్లీమీటర్లకు మించి దిగకూడదు. నా ఫోర్కులు తుప్పుపట్టి పోయాయి. దొరికినవి కొత్తకాలపువి, పొడుగు. ఆయన లేతు మీద అల్యూమినియం బుష్ చేసి, అడ్డుగా లోపల వేశాడు. ఫోర్కు నూట డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది. సైలెన్సరు రేకులు చేత్తో చుట్టి, వెల్డు చేసి, విని, కోసి, మళ్ళీ చుట్టాడు. ఐదోసారికి తృప్తిపడ్డాడు.

చివరికి మెడ దగ్గర పగులు కనిపించింది. శుభ్రం చేయని ఇనుము మీద వెల్డింగు చేస్తే పట్టదని ఆయనకు గురువు నేర్పాడు. గ్రైండరు పెట్టి రంగు, లప్పం తీశాడు. కింద గుంటలు తగిలాయి. ఆయన ఎరిగిన బళ్ళకు నంబరు అక్కడ ఉండదు. తుప్పు తిన్న గుంటలనుకున్నాడు. అవి పోయేదాకా అరగదీశాడు. అద్దంలా మెరిసింది. వేలితో తడిమి చూసుకుని, దాని పక్కన అతుకు వేశాడు. నా పుట్టుక నేల మీద పొడిగా పడి ఉంది. సాయంత్రం ఊడ్చేశాడు.

పందెం రోజు బళ్ళను తనిఖీ చేసింది ధర్మారావు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైనాయన. ఆ రూళ్ళు రాసింది కూడా ఆయనే. ఫోర్కు కొలిచాడు, బ్రేకులు చూశాడు, పని బాగుందన్నాడు. తర్వాత కస్టమ్స్ కాగితం విప్పి మెడ దగ్గర వంగాడు.

"నంబరేది వలీ?"

కాశింవలి కూడా వంగి చూశాడు. నున్నటి ఇనుమును వేలితో తడిమాడు.

"గీకేశాను సారూ. తుప్పనుకున్నా."

కొలతలన్నీ సరిపోయాయిగా అని రిబ్కా వాదించింది. ధర్మారావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది నలభై ఏళ్ళ గొట్టమో, నిన్న అతికించిన గొట్టమో నంబరు లేకుండా నేనెట్టా చెప్పనమ్మా? ఇవాళ ఈయనకు వదిలేస్తే రేపు ఎవర్ని ఆపను?"

"సారు చెప్పింది నిజమే. నేనైనా ఒప్పుకోను," అన్నాడు కాశింవలి.

పనిముట్ల పెట్టెలో అంకెల పంచిలు ఉన్నాయిగా, కాగితం చూసి మనమే గుద్దుదామని రిబ్కా చెవిలో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. గుద్దింది తనైతే అది దొంగ నంబరేనన్నాడు.

పందేన్ని కంచె దగ్గర నిలబడి, కుడి చెవి అటు తిప్పి విన్నాడు. నన్ను వెనక చెట్టుకు ఆనించారు. మూడో చుట్టులో రిబ్కా భుజం తట్టాడు.

"ఆ ఎర్ర బండి బోరు రూలు దాటిందమ్మాయ్. నాలుగు పెంచారు."

"సారుకు చెప్దాం పద బాబాయ్."

"చెవితో కొలిచానంటే రాసుకుంటారా?"

ఎర్ర బండి గెలిచింది. దాని నంబరు దాని మెడ మీద స్పష్టంగా ఉంది.

ఏడాది తిరిగింది. పందెం రోజున ఆయన నన్ను షెడ్డు ముందుకు లాగాడు. రిబ్కా సెలవు పెట్టి వచ్చింది. నన్ను స్టార్టు చేసి, ఆమెను యాక్సిలరేటరు పట్టుకోమన్నాడు. స్క్రూడ్రైవరు పిడి చెవి వెనక అదుముకున్నాడు. తీసి చూసుకుని, మళ్ళీ అదుముకున్నాడు. తర్వాత నా గొంతు పెంచుదామని దాంతోనే కార్బురేటరు గాలి స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు. గాలి ఎక్కువైంది, పెట్రోలు తగ్గింది. పెట్రోలుతో పాటే నాకు నూనె అందేది. నా గొంతు సన్నబడింది. అది చావుకేక అని తెలిసినవాడు ఆ ఊళ్ళో ఆయన ఒక్కడే.

"ఎట్టా పలుకుతుందమ్మాయ్?" అన్నాడు రిబ్కా పెదాల వైపు చూస్తూ.

ఆమెకు ఆ తేడా తెలియదు. చప్పుడు పెరిగింది కదా అనుకుంది. బాగుందన్నట్టు బొటనవేలు చూపించింది. ఆయన నవ్వి ఇంకో అరచుట్టు తిప్పాడు.

పిస్టను బోరులో పట్టేసింది, నా చప్పుడు ఆగిపోయింది. రిబ్కా చేతులు వదిలేసింది. ఆయన మాత్రం నా పక్కనే తల వంచి, స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని, వింటూనే ఉన్నాడు.