పిచ్చుకల దినం నాటి గూడు

నేను వాకిలి ఊడుస్తున్నాను. లోపల మామ ఫోన్లో రాసుకున్నది పైకి చదువుతున్నాడు. హనుమకొండలో మా మేనమామ కిషన్ రావు ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను కాబట్టి ఈ పాఠం నాకు రోజూ తప్పదు. పొద్దున్నే కాలనీ గ్రూపులో ‘ఈనాటి విశేషాలు’ పెట్టకపోతే ఆయనకు చాయ్ గొంతు దిగదు.

“చీమలకు ఊపిరితిత్తులు ఉండవు. నేడు పగలు, రాత్రి సమానం. నేడు పిచ్చుకల దినోత్సవం. పిచ్చుకలను కాపాడుదాం!”

కాపాడవలసిన పిచ్చుకలు ఆయన దర్వాజ మీది సందులోనే ఉన్నాయి. మా అమ్మ కట్టమ్మ ఏటా కోతలయ్యాక వరికంకుల కుచ్చు అల్లి, నర్సంపేట దగ్గర మా ఊరి నుంచి తెచ్చి అన్న వాకిట్లో కడుతుంది. ఆ గింజలకు వచ్చిన జంట గూడు కట్టి గుడ్లు పెట్టింది. నిన్న వచ్చిన అమ్మకు వాటిని చూడటమే పని.

మామ నిచ్చెన తెచ్చాడు. చంకలో కొత్త చెక్కపెట్టె, దాని మీద ‘పిచ్చుకల నేస్తం కిషన్ రావు’ అని ఎర్ర రంగుతో రాయించాడు. ఫొటో తీయడానికి పేపరాయన వస్తున్నాడట.

“అన్నా, గూడు ముట్టకు. గుడ్లున్నయి,” అంది అమ్మ.

“గూడెక్కడిది చెల్లె, చెత్త! గడ్డి, రెట్టలు ఫొటోల మంచిగుంటయా? గుడ్లు ఈ పెట్టెల పెడ్త. కొత్తిల్లు, కిరాయి గూడ లేదు.”

“పిల్లలై ఎగిరిపోయినంక నీ పెట్టె కట్టుకో, నేనొద్దన్ననా? జర ఆగరాదు.”

“అవి పిల్లలయ్యేదాంక దినోత్సవం ఆగుతదా?”

కర్రతో గూడు లాగాడు. రెండు గుడ్లు నేనూడ్చిన చోటే పడి పగిలాయి. మిగిలిన ఒక్కదాన్ని పెట్టెలో దూది మీద పెట్టి మేకుకు తగిలించాడు. పిచ్చుకలు రెండూ కరెంటు తీగ మీద ఒకటే అరుపు.

“చూసినవా, ఎట్ల సంబురపడుతున్నయో!” అన్నాడు మామ.

అమ్మ నేల మీది సొన తుడిచింది. నేను తుడుస్తానంటే గుడ్డ ఇవ్వలేదు.

పేపరాయన వచ్చి కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు. “పెట్టె ఒక్కటే బోడిగున్నది సార్. ఆ కుచ్చు పట్టుకొని అమ్మను పక్కన నిలబడుమనుండ్రి.”

“అగో, మా చెల్లెనే అల్లింది! చెల్లె, పట్టుకొని ఇటు రా. జర నవ్వు.”

అమ్మ పీట ఎక్కి కుచ్చు విప్పింది. మామ మీసం సవరించుకుని పెట్టె పక్కన నిలబడ్డాడు. అమ్మ కుచ్చును తన సంచిలో పెట్టుకుంది, చెప్పులు తొడుక్కుంది. కెమెరాకూ మామకూ నడుమ నుంచి నడిచి, గేటు తీసి, నర్సంపేట బస్సు కోసం వెళ్లిపోయింది.