తాతలు లేని ఇంటిపేరు

పదకొండో రిపోర్టు కూడా సరిపోలలేదనే వచ్చింది. టైలర్ ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో రుద్దాడు.

"ఇంకెంతమందున్నారు మేడం, మా ఇంటిపేరువాళ్ళు?"

"పిల్లల్ని వదిలేస్తే మీతో కలిపి మొత్తం నలభై ఒక్కమంది."

"డాక్టరు మూడు వారాలే అన్నాడు."

అతని కూతురికి ఎముక మజ్జ మార్చాలి. రక్తసంబంధం ఉన్నవాళ్ళది సరిపోయే అవకాశం ఎక్కువ. అతను అనాథాశ్రమంలో పెరిగాడు. చేతిలో ఉన్న ఆధారం ఇంటిపేరొక్కటే. ఇంత అరుదైన పేరువాళ్ళు ఎక్కడో చోట చుట్టాలై తీరతారని, జనాభా లెక్కలూ జనన మరణాల నమోదూ చూసే మా ఆఫీసుకొచ్చాడు. నేనూ నమ్మాను. ఆ పదకొండుమందినీ వెతికిచ్చింది నేనే. వాళ్ళ రక్తం అతనితోనే కాదు, ఒకరితో ఒకరికి కూడా కలవలేదు.

మళ్ళీ జాబితా తెరిచాను. ఈసారి వయసులు చూశాను. అందరూ ముప్ఫై ఎనిమిదికీ నలభై ఆరుకీ మధ్యవాళ్ళే. అంతకు పైన ఒక్కరూ లేరు. చనిపోయినవాళ్ళ పుస్తకాల్లోనూ లేరు. ఏ ఇంటిపేరుకైనా తాతలుంటారు. దీనికి లేరు.

"చెదలుగారూ, ఆ ఏళ్ళ జనన రిజిస్టర్లు కావాలి."

పాత కాగితాల గదిలోనే ముప్ఫై ఏళ్ళు గడిపినందుకు ఆయనకా పేరు పడింది. తొమ్మిది పుస్తకాలు తెచ్చి పడేశాడు.

"నడుం విరిగింది తల్లీ. నా మరణం కూడా ఇందులోనే రాసుకో."

పుస్తకాలన్నీ తిరగేశాను. నలభై ఒక్క నమోదులూ ఒకే చేతిరాత. తేదీలు కంప్యూటర్లో కొట్టి చూశాను. అన్నీ ఆదివారాలు. ఆదివారం ఆఫీసు మూసి ఉంటుంది. ప్రతి పేజీలోనూ ముద్ర వంకరగా పడింది, కుర్చీ ఎక్కి నిలబడిన పిల్ల రెండు చేతులతో అదిమినట్టు.

ఆ పిల్లని నేనే. ముద్ర వేస్తే ఆ రాసినవాడు చాక్లెట్ ఇచ్చేవాడు. వేళ్ళకంటిన సిరా సోమవారం బడికి వెళ్ళేదాకా పోయేది కాదు.

నాకేమీ అనిపించలేదు. ఫ్యాన్ తిరుగుతోంది. పేజీ లేవకుండా పెన్ను పెట్టాను.

"ఏంటి మేడం?" అన్నాడు టైలర్.

"మీది వంశం పేరు కాదు. ఎవరో పుట్టించిన పేరు. నలభై ఒక్కమంది పసివాళ్ళ అసలు తల్లిదండ్రుల్ని దాచి, అందరికీ ఇదొక్కటే తగిలించారు."

అతను రిజిస్టరులో తన పేరు మీద వేలు పెట్టాడు.

"మరి మా అమ్మెవరో ఎవరికి తెలుసు?"

"రాసినవాడికి."

చెదలుగారు ఆ చేతిరాతని గుర్తుపట్టాడు. ఆయన ఉద్యోగంలో చేరింది ఆ చేతి కిందే. నా వైపు చూడకుండా పుస్తకం మూశాడు.

"ఎప్పటి మాటో బాబూ. ఆ రాసినవాడు ఈపాటికి పోయుంటాడులే."

తలూపితే చాలు, అక్కడితో అయిపోయేది. పొద్దున నేను కలిపిచ్చిన కాఫీలో చక్కెర తక్కువైందని అలిగిన మనిషి పోయినట్టే లెక్క. మూడు వారాల్లో ఆ పాప కూడా.

"పోలేదు," అన్నాను. "మా ఇంట్లోనే ఉన్నాడు."

టైలర్ లేచి నిలబడ్డాడు. "ఎవరు మేడం?"

"మా నాన్న."