తుండుగుడ్డ కింద బేరం

నేను ఒక తుండుగుడ్డను. ఎర్రంచు నేత తుండుగుడ్డను. పార్టీ రంగులు పూసుకుని మెడల్లో వేలాడే కండువాలతో నన్ను కలపకండి, నాకు ఒళ్లు మండుతుంది. మగ్గం దిగిన నెలలోనే పశువుల బేరాలు కుదిర్చే పేరయ్య నన్ను కొన్నాడు. చెమట తుడుచుకోవడానికి మాత్రం కాదు.

సంతలో ఎద్దు ధర పైకి చెప్పరు. చెబితే పక్కవాడు చెడగొడతాడు. అందుకని అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి కలిపి పైన నన్ను కప్పేవారు. లోపల వేళ్లు పట్టుకుని ధర తెలుపుకునేవారు. రెండు వేళ్లు పడితే రెండు, చెయ్యంతా పడితే అయిదు. అలా ఇచ్చిన మాటకి తిరుగులేదు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవారు. పాతికేళ్లు ఇదే చూశాను. మనుషుల నోటికన్నా వేళ్లే నయమనిపించింది.

పోయిన శ్రావణంలో పేరయ్య నన్ను భుజాన వేసుకుని, కూతురు నాగజ్యోతితో రాజమండ్రిలో ఒక కార్ల షోరూమ్‌కి వెళ్లాడు. జ్యోతి డ్రైవింగ్ నేర్చుకుంది. రోజూ ముగ్గురు టీచర్లను బడికి తీసుకెళ్లే పని సోమవారం నుంచి ఒప్పుకుంది. లోను వచ్చింది. షోరూమ్ వాళ్లు ఇరవై వేలు తగ్గిస్తామన్నారు, అదీ ఆ సాయంత్రం దాకానే. ఇంకో పదివేలు తగ్గితే తప్ప కారు ఇంటికి రాదు, పనీ దక్కదు. బయట అప్పు తెస్తానని కూతురంటే, నేనొచ్చి మాట్లాడతానుగా అన్నాడు పేరయ్య. అన్న దగ్గర్నుంచి ఆయనకి కుదురు లేదు. అంత ఏసీలో కూర్చుని కూడా నా కొసలు మెలిపెడుతూనే ఉన్నాడు.

సేల్స్‌మన్ పేరు ప్రదీప్. ఇరవై వేలకి మించి కుదరదని మూడుసార్లు నవ్వుతూనే చెప్పాడు. పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం అదే కారుకి, అదే తగ్గింపు మీద సంతకాలు పెడుతోంది. పేరయ్య ఇక ఆగలేక ప్రదీప్ చెయ్యి అందుకుని, పైన నన్ను కప్పి, ముప్ఫై వేలు తగ్గించమని మూడు వేళ్లు పట్టుకున్నాడు.

"నాన్నా, ఇక్కడ అలా కాదు," అంది జ్యోతి, తల దించుకుని.

ప్రదీప్ బిత్తరపోయి, మర్యాదకి పేరయ్య చెయ్యంతా పట్టుకుని గట్టిగా నొక్కాడు. అయిదు! వేలికి పదివేల లెక్కన యాభై వేలు. సంతలో అయితే బేరం అయిపోయినట్టే. నాకూ ఆశ పుట్టింది, దాచుకోవడం ఎందుకు?

"మీకీ లెక్క తెలుసా బాబూ?" అని అడిగాడు పేరయ్య.

"లెక్కేంటండి? షేక్‌హ్యాండ్ ఇచ్చారనుకున్నాను."

"అయితే ఇది చెల్లదులెండి," అన్నాడు పేరయ్య. చేతికొచ్చినదాన్ని అలా వదిలేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. పైగా కూర్చుని, వేలికెంతో, చెయ్యంతా పడితే ఎంతో, ధర పైకి ఎందుకు చెప్పరో అన్నీ ఆ అబ్బాయికి మెల్లగా నేర్పాడు.

ప్రదీప్ విన్నాడు. పక్క బల్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత తనే నా కిందకి చెయ్యి పెట్టాడు.

"ఇరవై వేలేనండి బాబాయ్ గారూ. ఎవరికైనా అంతే," అన్నాడు పక్కవాళ్లకి వినబడేలా. కింద మూడు వేళ్లు పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు.

జ్యోతి కళ్లనీళ్లు ఆపుకుంటూ లేచింది. "పద నాన్నా."

"కూర్చోమ్మా. రాయించు."

"పదివేలు తక్కువ..."

"రాయించమంటున్నానుగా."

ఆమె తండ్రి మొహం చూసింది, నన్ను చూసింది, కూర్చుంది. కాగితంలో ముప్ఫై వేల తగ్గింపు చూశాక నా కొస అందుకుని కళ్లొత్తుకుంది.

ఇప్పుడు నా అంచు పీలికలైంది. పేరయ్య సంతలు మానేశాడు. నేను ఆ కారులోనే ఉంటూ అద్దం తుడుస్తున్నాను. దుమ్ము తుడిచే బతుకు నాకు సయించదు, లోపల వేళ్లు లేకపోతే ఒకటే వెలితి.

నిన్న ఉదయం కొత్తగా చేరిన టీచరమ్మ, మిగతావాళ్లు వింటుండగా, నెలకి అంత ఇచ్చుకోలేనని నసిగింది. జ్యోతి బండి పక్కన ఆపింది. నన్ను తీసి దులిపి, ఆవిడ చెయ్యి అందుకుని పైన కప్పింది.

"అందరికీ ఒకటే రేటండి," అంది పైకి.