తెలియని దశ

మా ఆయన తన బట్టలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టిన రోజునే నాకు అనుమానం వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టిన మనిషి కాదు. అలాంటిది పొద్దున్నే బాత్రూం గడియ పెట్టుకుని, లోదుస్తులూ పైజామాలూ జాడించి, దండెం మీద ఓ మూలగా ఆరేస్తున్నాడు. “ఇటివ్వండి, నేను ఉతుకుతాను” అంటే, “నీకు ఆఫీసుకి లేటవుతుంది” అన్నాడు. నా ఆఫీసు సంగతి ఆయనకు గుర్తుండటం చూసి అనుమానం ఇంకా పెరిగింది. ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. స్నేహితుడి దగ్గరికని శనివారాలు వెళ్ళి, మొహం వేలాడేసుకుని వస్తాడు. పడక కూడా పక్క గదిలోకి మార్చాడు. “నాకు మెలకువొస్తే నీ నిద్ర పాడవుతుంది” అట. పిల్ల రాత్రంతా ఏడ్చిన రోజుల్లో దుప్పటి తలమీదికి లాక్కుని పడుకున్న మనిషికి ఇప్పుడు నా నిద్ర మీద ఇంత దయ ఎందుకొచ్చినట్టు? ఎవరో ఉందనుకున్నాను. చొక్కాలు వాసన చూశాను. సిగ్గేసింది, అయినా చూశాను.

నేను పనిచేసేది క్యాన్సర్ రోగుల వివరాలు నమోదు చేసే ఆఫీసులో, గణాంకాల విభాగంలో. మగవాళ్ళకొచ్చే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌తో ఇప్పుడు ఎంతమంది బతుకుతున్నారో, ఏ దశలో ఎంతమందున్నారో అంచనా కట్టే పని అప్పుడు నా మీద ఉంది. వినడానికి తేలికే. కానీ దశ అనేది జబ్బు బయటపడినప్పుడు ఒక్కసారే రాస్తారు. గ్రంథి దాటలేదని రాసిన మనిషికి తర్వాతెప్పుడో అది ఎముకలకు పాకినా, ఎవరూ వచ్చి దిద్దరు. అసలు దశే నమోదు కానివాళ్ళు కూడా బోలెడంతమంది.

“ఆ దశ తెలియనివాళ్ళని మిగతా దశల్లోకి పంచేయమ్మా. పట్టిక శుభ్రంగా ఉంటుంది” అన్నాడు మా పై అధికారి.

“వాళ్ళూ మిగతావాళ్ళలాంటివాళ్ళేనని మనకెలా తెలుసు సార్? పరీక్షలు తట్టుకోలేని ముసలివాళ్ళుంటారు. భయపడి స్కాన్ ఎగ్గొట్టినవాళ్ళుంటారు.”

“ఇంట్లో కూడా ఇలాగే అనుమానిస్తావా ఏంటి?”

గదిలో మగవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే చిరాకు మనిషినని పేరు పడుతుంది.

ఆ శనివారం ఆయన వెనకే బయల్దేరాను. బస్టాపులో ఆయన కోసం నిలబడి ఉన్న ఆడమనిషిని చూసి నా అనుమానం నిజమేననుకున్నాను. తీరా చూస్తే ఆయన అక్క. ఇద్దరూ కలిసి ఆస్పత్రిలోకి వెళ్ళారు. మూత్రకోశ వ్యాధుల విభాగం ముందు బెంచీ మీద, మెళ్ళో మఫ్లరు బిగించుకుని, ‘ప్రోస్టేట్ క్యాన్సర్’ అని రాసి ఉన్న ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఒదిగిపోయి కూర్చున్నాడు మా ఆయన. రాత్రిళ్ళు తడిసినందుకు ఉతికిన పైజామాలు, మారిన పడక, వేలాడిన మొహం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వేరే ఆడమనిషి ఉండి ఉంటే బాగుండేదని ఆ క్షణాన అనిపించింది.

నన్ను చూసి వదినే ముందు తేరుకుంది. “నీకు చెప్తే కంగారుపడతావని...”

“రోజూ ఈ జబ్బుతోనే కదా వదినా నా ఉద్యోగం?”

“అదే భయం తమ్ముడికి. మీ ఆఫీసంతా తెలిసిపోతుందని. మగాడికి పరువు తక్కువ కదా.” చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. “ఎలాగూ చెప్దామనే అనుకున్నాం. నువ్వు ఉద్యోగం మానెయ్యాలి కదా, ముందే తెలియాలి. మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కావాలిగా.”

జబ్బు సంగతి నాకు చెప్పలేదు. నా రాజీనామా మాత్రం నిర్ణయమైపోయింది.

“ఏ దశ అన్నారు?” ఆయన్ని అడిగాను.

నేలచూపులు చూశాడు. “ఎముకల స్కాన్ చేయించమన్నారు. ఇంకా చేయించలేదు.”

“ఎందుకని?”

“తెలిసి మాత్రం చేసేదేముంది?”

పట్టికలో ఆ తెలియనివాళ్ళని ఎవరి మధ్యా పంచకూడదని, వేరే వరుసలోనే ఉంచాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

“వదినా, నేను సెలవు పెడతాను. ఉద్యోగం మానను. నేను ఆఫీసుకెళ్ళే రోజుల్లో మీరొచ్చి ఉండండి.”

“బాగుంది! నాకూ ఇల్లూ వాకిలీ ఉన్నాయమ్మా.”

“నాకూ ఉన్నాయి వదినా.”

ఆవిడ విసురుగా లేచి, నీళ్ళు తెస్తానని వెళ్ళిపోయింది. ఆ ఖాళీలో నేను కూర్చున్నాను. ఆయన నా వైపు తిరక్కుండానే అడిగాడు. నా పని గురించి ఆయన అడిగిన మొదటి మాట అదే.

“నీ దగ్గర లెక్కలుంటాయిగా. నేను ఎన్నాళ్ళుంటాను?”

“నా దగ్గరున్నవి మంది లెక్కలు. మీ సంగతి మీరు చెప్తేనే తెలుస్తుంది. స్కాన్ చేయించుకోండి, పక్కన నేనుంటాను. ముందు అసలేం జరిగిందో మొదట్నుంచీ చెప్పండి.”

మూత్రంలో మొదటిసారి నెత్తురు కనబడ్డ రోజు నుంచి మెల్లగా, తడబడుతూ చెప్పుకొచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఒక్కసారీ అడ్డురాకుండా విన్నాను. ఇక మీదట ఏం చెప్పినా నమ్ముతానని మాత్రం మాటివ్వలేదు.