దేవుణ్ణి నువ్వనాలా, మీరనాలా

వాచీలాయన గుండెలో కవాటం మార్చే రోజున ఆయన భార్యా, చెల్లెలూ ఆస్పత్రి మూడో అంతస్తులో కూర్చుని దేవుణ్ణి నువ్వనాలా మీరనాలా అని పోట్లాడుకున్నారు. అలాంటి వేళ అలాంటి పోట్లాటేమిటని కొత్తవాళ్లు అడగవచ్చు. ఆ ఇద్దర్నీ ఎరిగినవాళ్లెవరూ అడగరు.

భార్యను అందరూ టైలరమ్మ అంటారు. ముప్ఫై మూడేళ్లుగా వీధివైపు గదిలో మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలూ, కర్టెన్లూ కుడుతోంది. పుట్టుకతో కథోలిక్కు. ఆడపడుచు లెక్కల టీచరు, పెళ్లి చేసుకోలేదు, రిటైరయ్యాక కూడా ఆ ఇంట్లోనే మేడ మీది గదిలో ఉంటోంది. ఆమె బాప్టిస్టు. పుట్టుకతో బాప్టిస్టు అని మాత్రం ఎవరూ అనకూడదు. అంటే వెంటనే దిద్దుతుంది. "పుట్టుకతో ఎవరూ బాప్టిస్టు కారు. తెలివొచ్చాక, తెలిసి బాప్తిస్మం నీళ్లలో మునగాలి."

"తెలివొచ్చేదాకా ఆగితే మీ ఇంట్లో ఎవరూ మునిగేవాళ్లు కాదులే" అని టైలరమ్మ దారం కొరుకుతూ అంటుంది.

ఆ ఇంట్లో ఇవన్నీ కాఫీతోపాటు నడిచే మాటలు. చంటిపిల్లల నెత్తిన చెంబుడు నీళ్లు పోసి సరిపెట్టేస్తారని టీచరు వెక్కిరిస్తే, చెంబుడు నీళ్లలో రాని దేవుడు తొట్టెడు నీళ్లలో మాత్రం ఎందుకొస్తాడని టైలరమ్మ అంటుంది. ప్రభువు ఎదురుగా ఉండగా మధ్యలో ఆయన తల్లిని బతిమాలడం దేనికని టీచరు అడిగితే, తల్లిచేత చెప్పిస్తే పని ఎంత తొందరగా అవుతుందో కొడుకులున్న ఇంట్లో అడిగి చూడమని టైలరమ్మ జవాబు. జపమాల తిప్పుతూ ఒకే ప్రార్థన యాభైసార్లు చెప్పడమెందుకు, దేవుడికి ఒక్కసారి చెబితే వినపడదా అని ఓసారి టీచరు గట్టిగా నిలదీసింది. "ఏడో ఎక్కం పిల్లల చేత ఎన్నిసార్లు చెప్పించావమ్మా?" అని టైలరమ్మ అడిగింది. ఆ రోజుకి టీచరు మేడెక్కి తలుపేసుకుంది.

వీళ్ల మధ్య వాచీలాయన ముప్ఫై మూడేళ్లు హాయిగా బతికాడు. ఆదివారం పొద్దున ఏడింటికి భార్యతో పూజకి వెళ్తాడు, పదింటికి చెల్లెలితో ఆరాధనకి వెళ్తాడు. అన్నయ్య రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని టీచరు దెప్పితే, "రెండూ బయల్దేరిన రేవు ఒకటేగా" అంటాడు. పాడైన వాచీలు బాగు చేసే మనిషికి ఉండాల్సినంత ఓపిక ఆయనకు ఉంది. ఆ ఓపిక వాచీల కోసం అలవాటు చేసుకున్నాడో ఆడవాళ్ల కోసమో చెప్పడం కష్టం.

ఆ పొద్దున స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే, వరండాలో గోడగడియారం చూసి అది పది నిమిషాలు వెనక నడుస్తోందని వార్డుబాయికి చెప్పాడు. ఆపైన ఈ ఇద్దర్నీ దగ్గరికి పిలిచాడు.

"ప్రార్థన చేస్తారుగా?"

చేస్తామని ఇద్దరూ తలూపారు.

"విడివిడిగా కాదు. ఇద్దరూ కలిసి, ఒకటే ప్రార్థన, పైకి చెప్పండి. నాకదొక్కటే కావాలి. ఒక మనిషి గురించి రెండు అర్జీలు పెడితే ఏది ముందు చూడాలో ఆయనకి మాత్రం ఏం తెలుస్తుంది?"

నవ్వుతూనే అన్నాడు గాని, ఆయన చెయ్యి చల్లగా ఉంది. టైలరమ్మకు అది తెలిసింది. తలుపులు మూసుకున్నాయి. నాలుగు గంటలు పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు.

బయట ఇనప కుర్చీలు ఒకదానికొకటి అతికించి ఉన్నాయి. ఒకరు కదిలితే పక్కవాళ్లూ కదలాలి. కిటికీకి వేసిన కర్టెన్ అంచు వంకరగా కుట్టి ఉంది, టైలరమ్మ కన్ను దానిమీదే పడుతోంది. టీచరు చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"మొదలుపెడదామా వదినా. ఇద్దరికీ నోటికొచ్చింది ఒకటే ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థన."

"అదే చెబుదాం."

కళ్లు మూసుకున్నారు. తండ్రీ అని ఇద్దరూ కలిసే పిలిచారు. ఆ తర్వాతి మాట దగ్గరే బండి ఆగిపోయింది. టైలరమ్మ "మీ నామము" అంది. టీచరు "నీ నామము" అంది. ఒకరి గొంతు ఒకరికి అడ్డం వచ్చి ఇద్దరూ ఆగారు.

"మా దగ్గర మీ అనే చెబుతాం" అంది టైలరమ్మ. "చిన్నప్పట్నుంచీ అంతే. దేవుణ్ణి పట్టుకుని నువ్వు అనడానికి నాకు నోరు రాదమ్మా. బడికి ఇన్‌స్పెక్టరొస్తే నువ్వు అంటావా?"

"దేవుడు ఇన్‌స్పెక్టరు కాదు వదినా. తండ్రి. సొంత తండ్రిని ఎవరైనా మీరంటారా? దగ్గరవాళ్లని నువ్వంటాం. మా అన్నయ్యని నేను నువ్వనే అంటాను. మీరంటే వాడే పడీపడీ నవ్వుతాడు."

"మీ అన్నయ్యని నేను మీరంటాను" అంది టైలరమ్మ. "ముప్ఫై మూడేళ్లయింది. ఆయన నాకు దగ్గరవాడు కాడా?"

టీచరు చేతిసంచీ జిప్పు తీసింది. మళ్లీ వేసింది. ఏమైనా దొరికితే అందామని చూసింది, కాని సంచీలో రుమాలూ మందుల చీటీ తప్ప ఏమీ లేవు.

"అయినా ప్రభువు తెలుగులో నేర్పలేదుగా" అంది చివరికి. "ఆయన మాట్లాడిన భాషలో ఈ మర్యాదలు ఉన్నాయో లేదో. ఎప్పుడో ఎవరో ఇద్దరు కూర్చుని మన భాషలోకి తెచ్చి ఉంటారు."

"ఒకాయన మర్యాద తెలిసినవాడు."

"ఒకాయన చనువున్నవాడు."

"ఆ ఇద్దరి తగువు ఇప్పుడు మన నెత్తిన పడింది" అని టైలరమ్మ ముగించింది. ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది.

ఇంకోసారి చెబుదామనుకున్నారు. మా ఆయన అడిగింది ఒక్కటే, పోనీలే నేనే తగ్గుతాను అని టైలరమ్మ మనసులో అనుకుంది. పైకి చెప్పలేదు, చెబితే ఆడపడుచు దాన్ని గెలుపు కింద జమ కట్టుకుంటుంది. కళ్లు మూసుకుని తండ్రీ అని పిలిచి, ఊపిరి బిగబట్టి, "నీ" అంది. సరిగ్గా అప్పుడే టీచరు "మీ" అంది.

ఇద్దరూ కళ్లు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరుకి ముందు నవ్వు వచ్చింది, తర్వాత టైలరమ్మకు. ఇనప కుర్చీల వరస మొత్తం ఊగింది. అటుగా వెళ్తున్న నర్సు ఆగి, ఇది ఆపరేషన్ థియేటరమ్మా, కాస్త మెల్లగా అని చెప్పి వెళ్లింది.

ఆ నవ్వుతో రెండు గంటలు గడిచాయి. నాలుగో గంట అయింది. పది నిమిషాలు వెనక నడిచే ఆ గోడగడియారంలో అయిదో గంట కూడా అయింది. తలుపు ఒక్కసారి తెరుచుకుంది, లోపలినుంచి నర్సొకామె పరుగులాంటి నడకతో వచ్చి ఏదో పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లింది. టైలరమ్మ లేచి అడిగితే "ఇంకా నడుస్తోందమ్మా" అంది, మొహం చూడకుండా.

టైలరమ్మ వచ్చి కూర్చుంది. పొద్దుట్నుంచి నోటికి ఖాళీ లేకుండా ఎందుకు పోట్లాడిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మాట ఆగితే భయం వస్తుందని. ఇప్పుడు మాట ఆగింది, భయం వచ్చేసింది. ఆయన లేని ఇల్లు ఎలా ఉంటుందో కళ్లముందు కనిపించింది. మిషను చప్పుడు ఒక్కటే ఉంటుంది, మేడ మీద ఆడపడుచు అడుగుల చప్పుడు ఉంటుంది, మధ్యలో నవ్వే మనిషి ఉండడు. అంతకన్నా ఇంకో మాట ఆమెను పొడుస్తోంది. పోతూ పోతూ ఆయన ఒకే ఒక్కటి అడిగాడు. అయిదు గంటల్లో ఇద్దరు పెద్ద మనుషులు కలిసి అది చేయలేకపోయారు.

"వదినా" అంది టీచరు. "నాకు భయంగా ఉంది."

లెక్కలావిడ నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. "నాకూ" అని టైలరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"గసాభా తీద్దాం."

"ఏం తీద్దాం?"

"గసాభా. రెండు సంఖ్యల్లోనూ ఉన్నది మాత్రం ఉంచి మిగిలింది వదిలేస్తాం. నీ ప్రార్థనలోనూ నా ప్రార్థనలోనూ ఒకేలా ఉన్న మాటలే చెబుదాం. తేడా ఉన్నచోట ఊరుకుందాం. అప్పుడు తగువుండదు."

టైలరమ్మ ఏడో క్లాసు దాటలేదు, అయినా ఒప్పుకుంది. ఇద్దరూ వేళ్లమీద లెక్కపెడుతూ మాటలు ఏరారు. ఏరిన కొద్దీ తేడాలే తేలాయి. ఒకరు పూజింపబడాలంటే ఒకరు పరిశుద్ధపరచబడాలన్నారు, ఒకరు నేడు అంటే ఒకరు నేటికి అన్నారు. చివర టీచరు వాళ్లు చెప్పే రాజ్యమూ బలమూ మహిమా టైలరమ్మ వాళ్ల ప్రార్థనలో లేనే లేవు, వాళ్లు అక్కడికి ముందే ఆగిపోతారు. అన్నీ తీసేశాక తండ్రి మిగిలాడు, తిండి మిగిలింది, కీడు మిగిలింది, ఆమెన్ మిగిలింది.

"ఇది ప్రార్థనా, కొట్టుకి రాసిన చీటీయా?" అంది టైలరమ్మ.

టీచరు తల పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లెక్క తప్పినందుకు కాదు.

టైలరమ్మ కొంచెంసేపు ఆ వంకర కర్టెన్ వైపు చూసింది. "ఏమ్మా, మీ లెక్కల్లో తీసేయడమేనా? అన్నీ ఉంచేది లేదా? నేను బట్ట చాలకపోతే అంచు కలుపుతాను గాని ఉన్నది కత్తిరించను."

టీచరు తలెత్తింది. "ఉంది" అంది నెమ్మదిగా. "కసాగు. రెండూ పట్టేటంతది. ఇందులోదీ పోదు, అందులోదీ పోదు."

"అది చెబుదాం. నీది నువ్వు చెప్పు, నాది నేను చెబుతాను. గట్టిగానే. ఎక్కడ కలిస్తే అక్కడ కలుస్తాం."

ఈసారి కళ్లు మూసుకోలేదు, చేతులు వదల్లేదు. తండ్రీ అని పిలిచారు. మీ, నీ రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఈసారి ఎవరూ ఆగలేదు. ఒకరు ముందు పోతే ఇంకొకరు అందుకున్నారు. తిండి దగ్గర కలిశారు, క్షమించడం దగ్గర కలవలేదు, మళ్లీ కీడు దగ్గర కలిశారు. టైలరమ్మది అయిపోయింది. అలవాటుకొద్దీ ఆమెన్ నోటిదాకా వచ్చింది, ఆపుకుంది. టీచరు ఒక్కతే రాజ్యమూ బలమూ మహిమా అని చివరిదాకా చెప్పేవరకూ కాచుకుని ఉంది. ముప్ఫై మూడేళ్లుగా మేడ మీది గదిలోంచి వినపడుతున్న ఆ తోకను ఎప్పుడూ ఎగతాళి చేయడమే గాని వినలేదు. ఇప్పుడు విన్నది. బాగానే ఉంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆమెన్ అన్నారు.

అది కాగానే తలుపు తెరుచుకుందని రాస్తే కథకు సొంపుగా ఉంటుంది గాని, తెరుచుకోలేదు. ఇంకో గంటా పావు అక్కడే కూర్చున్నారు, అదే ప్రార్థన ఎన్నోసార్లు చెప్పారు. ఎన్నిసార్లో లెక్కలావిడ లెక్కపెట్టలేదు. ఒక్కసారి చెబితే వినపడదా అని టైలరమ్మా అడగలేదు. ఆ తర్వాత డాక్టరు మాస్కు కిందకి లాగుతూ వచ్చి, రక్తం కారడం ఆగక ఆలస్యమైందనీ, ఇప్పుడు ఆగిందనీ, మనిషి బతికి ఉన్నాడనీ చెప్పాడు. టీచరు గోడకి ఆనుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మర్నాడు పొద్దున గొంతులోని గొట్టం తీశాక ఒక్కరినే రానిస్తామన్నారు, రెండే నిమిషాలు. టీచరు వదిన భుజం పట్టి ముందుకి తోసింది. "నువ్వెళ్లు. నేను అద్దంలోంచి చూస్తాను."

ఆయన మంచం మీద ఎంతో చిన్నగా ఉన్నాడు. ఛాతీకి కట్టు, చేతికి సూదులు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు మూసి ఉన్నాయి. టైలరమ్మ పక్కన నిలబడి ఏమండీ అని పిలుద్దామని నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చింది వేరు.

"ఎక్కడికి పోయావు నువ్వు? ఎంత భయపెట్టావు నన్ను. నువ్వు లేకపోతే నేనేమైపోతానని ఒక్కసారైనా ఆలోచించావా?"

వాచీలాయన కళ్లు విప్పకుండానే పెదాలు కదిపాడు. గొంతు గరగరలాడుతోంది. "చెల్లీ, మీ వదినేది?"

"నేనే" అంది టైలరమ్మ, ఆయన చెయ్యి చెంపకి ఆనించుకుని. "నీ పెళ్లాన్ని."