అత్త సంచిలో స్వెటర్

స్వెటర్ పెట్టాలా వద్దా, శివరాత్రి పోయి వారమైంది, మధ్యాహ్నమైతే ఫ్యాన్ కింద కూడా చెమట పడుతోంది, ఇప్పుడు స్వెటర్ సంచిలో పెట్టడమంటే మళ్లీ చలికాలం దాకా అత్త ఈ ఇంటికి రాదని యాదలక్ష్మి తన చేత్తో తనే ఒప్పుకున్నట్టు, కానీ రాత్రి పడుకోబోతూ కొండల్ చెప్పనే చెప్పాడు, ఉన్నయన్నీ పెట్టెయ్ లక్ష్మీ, మాటిమాటికి ఎవరు తెచ్చిస్తరు అని, అన్నీ అంటే నాలుగు నేత చీరలు, మోకాళ్లకు రాసే నూనె సీసా, అత్త ఇంకెవరినీ ముట్టనివ్వని స్టీలు చెంబు, గోడకున్న మామ ఫొటో, కుర్చీ ఎక్కి ఫొటో దించింది, దించిన చోట గోడ మీద నలుపలకలుగా తెల్ల మచ్చ మిగిలింది, అత్త పోతున్న ఆడబిడ్డ జ్యోతిక ఇల్లు హయత్‌నగర్‌లో, కింది అంతస్తులోనే, మెట్ల బాధ లేదు, వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చోవచ్చు, నాలుగు రోజులుండి వస్తది అని ఇంట్లో ఎవరికి వాళ్లు చెప్పుకుంటున్నారు, నాలుగు రోజులకు పోయే మనిషి పెనిమిటి ఫొటో ఎందుకు తీసుకుపోతుంది.

ఏమే యాదీ, సదిరినవా, నన్ను కూడ గా సంచిలనే పెడ్తవా ఏంది, కిటికీ పక్కన తక్కువెత్తు దివాన్ మీద కూర్చుని అత్త కౌసల్యమ్మ అంది, అని నవ్వింది, పళ్లు లేని నోటితో నవ్వితే అత్త చిన్నపిల్లలా ఉంటుంది, కళ్లు మాత్రం గోడ మీది తెల్ల మచ్చ దగ్గరే ఉన్నాయి, అయితది అత్తమ్మా, ఆయన వచ్చేసరికి అయితది అంది యాదలక్ష్మి, కొండల్ స్కూలు వ్యాను నడుపుతాడు, చీకటితో పోతే పిల్లలను దింపి వచ్చేసరికి పదవుతుంది, మళ్లీ మధ్యాహ్నం పోతే రాత్రే, పొద్దంతా ఇంట్లో ఆడవాళ్లిద్దరే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ కిరాయికి దొరికిందే ఈ మూడో అంతస్తు, లిఫ్టు లేదు, చలికాలంలో అత్త మోకాళ్లు మొండికేశాయి, పోయిన నెల దవాఖానకు దిగి తిరిగొచ్చేటప్పుడు మొదటి అంతస్తు దాటలేక మెట్ల మీద కూలబడితే కొండల్, కింది ఇస్త్రీ షాపు గోపయ్య కలిసి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు, ఆ కుర్చీని చూడగానే యాదలక్ష్మి వంటింట్లోకి పోయి, కడగడానికేమీ లేకపోయినా నల్లా తిప్పుకుని నిలబడింది, ఆ రాత్రే కొండల్ అన్నాడు, అమ్మను జ్యోతి దగ్గరికి పంపుదాం, నేను ఇంట్ల ఉండ, లేపుడు కూసబెట్టుడు నువ్వొక్కదానివి ఎట్ల చేస్తవ్, నీ నడుం పోతది, మంచి మనసుతోనే అన్నాడు, నీ నడుం పోతది, ఆ మాట ఇంతకుముందు ఇంకొకరన్నారు, ఈ ఇంట్లోనే, తడి నేల మీద పడి ఉండి, వద్దు, అదిప్పుడు వద్దు, చెంబుకు పాత గుడ్డ చుట్టాలి, సంచిలో చప్పుడు కాకుండా.

నడుమట, రెండేళ్ల కిందట ఇదేం నడుం, మిషన్ మీద కూర్చుని జాకెట్లు కుట్టీ కుట్టీ, ఊళ్లోవాళ్లందరి నడుములకు టేపు పెట్టే మనిషి తన నడుముకు పెట్టుకోవడం మానేసింది, తన జాకెట్లకు లోపల వదిలిన గుడ్డను విప్పుకుంటూ పోయి పోయి ఇక విప్పడానికి కుట్టే మిగల్లేదు, ఒకసారి పక్క బిల్డింగు పద్మలత అమ్మిన పొడిని పాలల్లో కలుపుకుని అన్నం మానేసి తాగింది, నెల తిరిగేసరికి చీరకు రెండు కుచ్చిళ్లు ఎక్కువ వచ్చాయి, దువ్వెన నిండా జుట్టూ వచ్చింది, మెట్లెక్కితే కళ్లు తిరిగాయి, పొడి మానగానే పోయిన బరువు చుట్టాలను వెంటబెట్టుకుని మరీ తిరిగొచ్చింది, తన అమ్మ పోయాక ఒకనాడు దారాలకని ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగితే మందుల షాపు పైన ఆడవాళ్ల జిమ్ అని బోర్డు, ఎందుకో ఎక్కింది, చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడింది, నేర్పించే పిల్ల భానుప్రియ, కూతురి వయసుంటుంది, బరువు తగ్గనీకా ఆంటీ అంటే అవునంది, అసలు మాట నోటికి రాక, ఎన్నాళ్లల్ల తగ్గాలె అంటే నాకేం తొందర లేదమ్మా అంది, ఆ పిల్ల అప్పుడు తలెత్తి చూసింది, అట్లయితే అయితది అంది.

వారానికి మూడు రోజులే రమ్మంది, మిగతా రోజులు నడవమంది, అన్నం మానొద్దంది, కంచంలో ముందు పప్పు, కూర, ఆ తర్వాత ఒక్క గంటె అన్నం, పొద్దున గుడ్లు, మధ్యాహ్నం పెరుగు, రాత్రికి జొన్నరొట్టె, వింటుంటే నవ్వొచ్చింది, ఇందులో కొత్తదేముంది, నల్గొండ దగ్గర ఊళ్లో అమ్మ బతికినన్నాళ్లు తిన్నదే కదా, బాలాపూర్‌లో పెళ్లికి పోయి బగారన్నం రెండుసార్లు పెట్టించుకుని మరునాడు దొంగలా తల వంచుకుని చెప్తే, మంచిగుండెనా ఆంటీ, మరి పట్టుండ్రి కడ్డీ అంది భానుప్రియ, అంతే, తిట్టి ఉంటే ఆ పొడిలాగే ఇదీ ఎప్పుడో మూలకు పడేది, అత్త మాత్రం ఊరుకుందా, మీ మామ గడ్డిఅన్నారం మార్కెట్ల మామిడి డబ్బలు మోస్తె కూలి ఇచ్చిండ్రు, నువ్వు ఇనుము మొయ్యనీకి ఎదురు పైసలిస్తున్నవా, ఏం జమాననే యాదీ, అంటూనే కోడలు సంచి పట్టుకుని బయల్దేరితే గుడ్లు తిన్నవా అని కేకేసేది, జాకెట్ల కోసం వచ్చేవాళ్లు ఇంకో రకం, సన్నగైనవేందక్కా, సుగర్ గిట్ట వచ్చిందా, ఇంట్ల ఏమన్న పరేషానా, ఏం లేదు మంచిగున్న అంటే నమ్మరు, ఒకామె అయితే చెవిలో మంచి డాక్టరున్నడు అని కూడా చెప్పింది, మెల్లమెల్లగా, ఏ నెలలో ఎంత పోయిందో గుర్తు లేనంత మెల్లగా, జాకెట్లన్నీ లోపలికి కుట్టుకుంటూ వచ్చింది, మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించలేదు, పోయిన వాటిలో తిరిగొచ్చేవేవో రానివేవో ముందుగా ఎవరికి తెలుసు.

నా చెంబు మూట కట్టినవా ఏంది, జర నీళ్లియ్యవే, అయ్యో, గుడ్డ విప్పి నీళ్లు పోసి ఇచ్చింది, అత్త మెడ మీద నరం గుటక గుటకకూ కదులుతోంది, అమ్మ మెడ కూడా ఇట్లనే ఉండేది, నడుం వంచొద్దు ఆంటీ అనేది జిమ్‌లో భానుప్రియ, తుంటి ఎనక్కి, కాళ్లతో నేలను తొక్కి లేవాలె, మొదట ఒట్టి కర్ర, తర్వాత ఇనుప కడ్డీ, తర్వాత దానికి బిళ్లలు, పోయిన వానాకాలం ఒకరోజు భానుప్రియ ఇంకో రెండు చిన్న బిళ్లలు తగిలించి నలభై రెండున్నర కిలోలు అంది, వంగింది, లేచింది, కడ్డీ తొడల దగ్గరికొచ్చి ఆగింది, అప్పట్లో దవాఖానలో అమ్మను తూచి నర్సు నలభై ఒకటి అని కేకేసింది, నలభై ఒకటంటే ఇంతేనా, ఇంతేనా అమ్మా నువ్వు, దించుండ్రి ఆంటీ అంటున్నా దించలేదు, దించినప్పుడు చప్పుడు కాకుండా దించింది, నిద్రపోతున్న మనిషిని పక్క మీద వేసినట్టు, బాత్రూంలోకి పోయి గొళ్లెం పెట్టుకుంటే బయట భానుప్రియ తలుపు కొడుతోంది, నడుం పట్టిందా ఆంటీ, ఐస్ తేవాల్నా, ఏం పట్టలేదమ్మా, పట్టింది అప్పుడు, ఇంకో బాత్రూంలో, కళ్ల పరీక్షకని ఊరి నుంచి వచ్చిన అమ్మ జారి పడితే చంకల కింద చేతులేసి లేపబోయింది, అమ్మ లేవలేదు, తన నడుమే పట్టేసింది, అమ్మ పక్కనే తడి నేల మీద చతికిలబడింది, వదిలెయ్ బిడ్డా, నీ నడుం పోతది, బొక్క విరిగిన మనిషి అన్న మాట అది, కొండల్ వచ్చేదాకా అమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నల్లా చుక్క చుక్కగా పడుతూనే ఉంది, లేపకపోవుడే మంచిదైందమ్మా, తుంటి విరిగినోళ్లను లేపొద్దు అని తర్వాత డాక్టరు చెప్పాడు, తలకాయ ఆ మాటను ఒప్పుకుంది, చేతులే ఒప్పుకోలేదు.

ఫోను మోగింది, చౌరస్త దాటిన, అమ్మను తయారుగ ఉంచు, ఆటో కూడ మాట్లాడిన అన్నాడు కొండల్, ఆ మాట విని అత్త తనంతట తనే లేవబోయింది, దివాన్ మీద చేతులానించి లేచి మళ్లీ కూలబడింది, మళ్లీ లేవబోయింది, చెయ్యి జారింది, ఆగు అత్తమ్మా, యాదలక్ష్మి సంచి వదిలేసి ముందుకొచ్చింది, అత్త పాదాల నడుమ తన పాదం పెట్టింది, మెడ కాదు, నా భుజాలు పట్టుకో, తుంటి వెనక్కి, ఊపిరి, కాళ్లతో నేలను తొక్కింది, ఇద్దరూ లేచారు, లేచి నిలబడ్డాక తెలిసింది లేచామని, నడుం ఒక్క మాట అనలేదు, ఓసి నీ, మీ మామ మామిడి డబ్బ లేపినట్టు లేపితివి గదనే అంది అత్త, అని భుజాలు వదల్లేదు, నూనె వాసన, తమలపాకు వాసన, చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా, నవ్వు లేకుండా, గా మెట్లు దిగినంక మల్ల ఎక్కుతనా యాదీ, అంది, ఇన్ని రోజులుగా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట, మెట్ల మీద కొండల్ ఎగపోస్తూ ఎక్కుతున్న చప్పుడు వినబడుతోంది, వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు, సంచి ఏది, ఆటో ఆగింది, ఆదివారం పొద్దుగాల నేను పోయి తోల్కొస్త అంది యాదలక్ష్మి, ఎవర్ని, అత్తమ్మను, మరి మెట్లు, మెట్లు నేనెక్కిస్త, అంతస్తు అంతస్తుకు కూసబెట్టుకుంట, తొందరేమున్నది, పొద్దంత పట్టనీ, నీ నడుం, నా నడుం మంచిగనే ఉంది, నీది చూస్కో, మూడంతస్తులకే గంత ఆయాసమేంది, అత్త కిసుక్కున నవ్వింది, నవ్వుతో ఒళ్లంతా ఊగితే యాదలక్ష్మి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది, మరి జ్యోతికి ఏం చెప్పాలె అన్నాడు కొండల్ బొజ్జ మీద చెయ్యేసుకుని, నాలుగు రోజులని నువ్వే గద చెప్పినవ్, గదే చెప్పు.

అత్తను కొండల్ చేతికి ఆనించి సంచి విప్పింది, స్వెటర్ తీసి బీరువాలో పెట్టింది, రెండు చీరలు తీసింది, చెంబు ఉంచింది, చెంబు లేకపోతే అత్త అక్కడ నీళ్లే తాగదు, కుర్చీ ఎక్కి ఫొటో మళ్లీ మేకుకు తగిలించింది, తెల్ల మచ్చ కనబడకుండా పోయింది, సంచి చిన్నదైతే మనిషి తిరిగొస్తుందని ఎవరూ రాసివ్వలేదు, ఆమెకది తెలుసు, దవాఖానకు అమ్మ సంచి తనే సర్దింది, ఒక చీర, ఒక తువ్వాలు, ఒక దువ్వెన, రేపో ఎల్లుండో వస్తుందన్నట్టు, దా అత్తమ్మా, ఈ మెట్టు, మళ్లీ ఈ మెట్టు, అత్త చెయ్యి భుజం మీద బరువుగా, వెచ్చగా ఉంది, తను ఒక్కో మెట్టు కింద నిలబడి అత్త పాదం దిగేదాకా ఆగుతోంది, ఆదివారం ఇవే మెట్లు పైకి, అప్పుడు వెనక నిలబడాలి, రెండేళ్లుగా ఎల్‌బీ నగర్‌లో తను ఎత్తుతూ వచ్చింది అమ్మనే, ఎన్నిసార్లు ఎత్తినా ఆ తడి నేల మీది నుంచి అమ్మ లేవదు, ఇక లేవదు, ఈ చేతుల్లోకొచ్చిన బలం ఇప్పుడు ఈ భుజం పట్టుకున్న మనిషిది, మొదటి అంతస్తు దగ్గర ఆగి అత్తను గోడకానించి ఊపిరి తీసుకోనిచ్చింది, కింద ఇస్త్రీ షాపు ముందు ఆ ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఎండలో ఉంది, దాని వంక చూసింది, చూడగలిగింది. యాదలక్ష్మి వాళ్లమ్మ అండాలమ్మను ఆ కుర్చీలోనే ఈ మెట్లు దింపారు. రెండు వేల ఇరవై రెండు శ్రావణంలో, ఒక మంగళవారం పొద్దున. మళ్లీ రాలేదు.